శనివారం పడిపోయే ముల్లు

కారెక్కేటప్పుడు వనజ డ్రైవరు సీటు మీద పక్కకు తిరిగి కూర్చుంటుంది. తర్వాత రెండు చేతులతో తన ఎడమకాలిని ఎత్తి, చంటిపిల్లను ఉయ్యాల్లో వేసినంత నెమ్మదిగా లోపల పెట్టుకుంటుంది. కుడికాలు దాని వెనకే వస్తుంది. ఇక దిగేదాకా ఎడమకాలికి పని లేదు. పోలియో తినేసిన కాలు అది. ఆ కారుకి క్లచ్చి ఉండదు, గేర్లు వాటంతట అవే పడతాయి. కుడికాలు సరిగ్గా ఉంటే చాలు, ఎంత దూరమైనా పోవచ్చు.

నరసరావుపేటలో ఒక డాక్టరు గారు ఎన్నో ఏళ్లు వాడి వదిలేసిన పాత కారు. రంగు వెలిసిన ఆకుపచ్చ. వనజ మొగుడు కోటిబాబు రాయి తోలే లారీ డ్రైవరు. అతనే చూసి తెచ్చాడు, అతనే నేర్పాడు. వనజ మాచవరం మండలాఫీసులో కంప్యూటరు ముందు పనిచేస్తుంది. అంతకు ముందు పిడుగురాళ్ల నుంచి ఆటోలో పోయేది. ఆటోవాడు అందరినీ ఎక్కించుకున్నాక చివర చోటు చూపించి, "ఏమ్మా, నువ్వు ఎక్కగలవా?" అనేవాడు. ఎక్కగలిగినా సరే, పక్కవాళ్లు చంకల కింద చేతులేసి మూటను ఎత్తినట్టు ఎత్తేవాళ్లు. సాయం చేసే చేతుల్ని వద్దనడం ఎట్లాగో ఆమెకు ఎన్నడూ తెలియలేదు.

కారు వచ్చాక ఆ చేతులు లేవు. మాచవరంలో ఆమె పేరు కూడా మారింది. ఇదివరకు ఏ వనజ అని ఎవరైనా అడిగితే కాలు చూపించి చెప్పేవాళ్లు. ఇప్పుడు "కారు వనజ" అంటున్నారు. ఆ మాట మొదటిసారి చెవిన పడ్డ రోజు ఆమె ఆఫీసు మెట్ల మీద కాసేపు ఊరికే నిలబడిపోయింది.

అత్త పిచ్చమ్మకైతే ఆ కారంటే దేవుడి బండి. ఆమె సున్నపు బట్టీల్లో తట్టలు మోసి కోటిబాబుని పెంచింది. మోకాళ్లు అరిగి పని మానేసినా నోరు మాత్రం అరగలేదు. కూరగాయల బజారుకి కోడలితో కార్లో వెళ్లి, దిగీ దిగకముందే, "మా కోడలు నడుపుద్ది. ఏమే, చూశావా?" అని ముక్కూ మొహం తెలియని వాళ్లకు కూడా చెప్పేది. శుక్రవారం శుక్రవారం కారుని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టేది.

ఈ కారుకి శ్రావణంలో జబ్బు చేసింది. నడుస్తూ నడుస్తూ ఉండగా స్పీడు మీటరు ముల్లు గభాలున సున్నాకి పడిపోయేది. బండి కుదుపు ఇచ్చి ఏదో ఒక గేరులో ఇరుక్కుపోయేది. ఇంజను అరుస్తుందే గాని వేగం రాదు. పక్కకు తీసి, తాళం ఆపి, మళ్లీ తిప్పితే కాసేపు బుద్ధిగా నడిచేది. నరసరావుపేటలో గేరుబాక్సు మేస్త్రీ చూసి, "ఇది అయిపోయిందమ్మా. దించితే మళ్లీ ఎక్కించడానికి సామాను దొరకదు" అన్నాడు. మీటరు సంగతి పిడుగురాళ్లలో వైరింగు పని చేసే మొయిన్ చూశాడు. ఎక్కడో పాత బండిలోంచి మంచి మీటరు తెచ్చి మార్చాడు. కొత్త ముల్లు కూడా పాత ముల్లులాగే పడింది.

కార్తీకంలో ఒక శనివారం సాయంత్రం బైపాసు మీద అట్లాగే అయింది. వెనక రాయి లోడుతో లారీ. ముందు ముల్లు వాలింది, తర్వాత కారు ఎదురు తన్నింది. వెనక హారను చెవులు పగలగొట్టింది. "కోటయ్య సామీ" అంటూ వనజ కారుని పక్కకు తిప్పేసింది. లారీ గాలికి కారంతా ఊగింది.

ఆమె ఇల్లు చేరేలోపే కబురు చేరింది. లారీ వాళ్లకి ఫోన్లు ఉంటాయి కదా.

"ఏందే, బైపాసు మీద ఆగిపోయావంట?" అన్నాడు కోటిబాబు గుమ్మంలోనే.

"ఆగిపోలా. నేనే పక్కకు తీశా."

"మావోడి లారీ నీ ఎనకాలే ఉంది. వాడు బ్రేకు తొక్కబట్టి సరిపోయింది."

"తొక్కాడు గదా."

"ఇంకోసారి ఇంకోడు తొక్కకపోతే? అమ్మేద్దాం వనజా. నరసరావుపేటలో అనిల్ కుమార్ అని పాత బళ్లు కొంటాడు, ఊడదీసి అమ్ముకుంటాడు. రేపు కాక వచ్చే ఆదివారం రమ్మన్నా."

"మరి నేను ఎట్టా పోవాల?"

కోటిబాబు తల దించుకున్నాడు. "ఆటోలు ఉండయ్ గదా. నేను ఒక ఆటో మాట్లాడతా, రోజూ నిన్నే తీసకపొయ్యేట్టు." అతని గొంతులో కోపం లేదు. భయమే ఉంది.

పిచ్చమ్మ వేళ్లు మడుస్తూ లోపలి నుంచి వచ్చింది. "ఇయ్యాల శనివారం. పోయినసారి రైలుగేటు కాడ ఆగింది, అదీ శనివారమే. అంతకు ముందు సంత కాడ? శనివారమే! ఇది మేస్త్రీలతో అయ్యేది కాదురా కోటీ, శని పట్టింది బండికి. నువ్వుల నూనె దీపం పెట్టిస్తా."

"పెట్టించు. బండి మాత్రం ఆదివారం పోద్ది" అన్నాడు కొడుకు.

ఆ రాత్రి దేవుడి ముందు దండం పెట్టుకునేటప్పుడు వనజకి ఒక సందేహం వచ్చింది. శనివారం వెంకన్న వారం కూడా కదా? ఇద్దరిలో ఎవరు చూస్తున్నారు తన కారు వంక? అడగకూడని మాటేమోనని లెంపలేసుకుంది. అయినా అత్త చెప్పినదాంట్లో శని సంగతి ఎట్లా ఉన్నా, వారం సంగతి మాత్రం నిజమే. సోమవారం ఆఫీసుకి బయలుదేరినప్పటి నుంచి ఆమె కారుని పసిబిడ్డను చూసినట్టు చూసింది. సోమవారం రెండుసార్లు ముల్లు వణికింది. బుధవారానికి ఒకసారి. గురువారం పోనూ రానూ ముత్యంలా నడిచింది. గోతులున్న చోట కొంచెం ఎక్కువ, మంచి రోడ్డు మీద తక్కువ. ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. ముల్లు పడకుండా కుదుపు ఒక్కసారి కూడా రాలేదు. ఎప్పుడూ ముల్లే ముందు. ఆ వెనకే కుదుపు.

రెండు జబ్బులైతే ఎప్పుడో ఒకప్పుడు దేని దారిన అది రావాలి కదా?

తర్వాతి శనివారం రెండో శనివారం, ఆఫీసు సెలవు. వనజ కారు తీసుకుని మొయిన్ షెడ్డుకి బయలుదేరింది. దీపం పెట్టించడానికి గుడికి పోవాలని పిచ్చమ్మ వెనక సీట్లో నూనె సీసాతో కూర్చుంది. దారిలోనే ముల్లు మూడుసార్లు పడింది. "చూశావా, శనివారం!" అంది పిచ్చమ్మ ప్రతిసారీ, పందెం గెలిచినట్టు.

మొయిన్ కారుని చూడగానే రెండు చేతులూ ఎత్తేశాడు. "వనజక్కా, మళ్లీ మీటరా? నేను ఇచ్చిన మీటరులో నుక్స్ లేదక్కా, ఏ లోపమూ లేదు. వేరే బండికి పెట్టి చూశా, గడియారం మాదిరి తిరిగింది."

"నీ మీటరు మంచిదేలే మొయిన్. నన్ను చెప్పనియ్యి."

"మరి గేరుబాక్సు నా పని కాదు. నేను కరెంటోణ్ణి. నాకు వైర్లు తెలుసు, పళ్ల చక్రాలు తెలవ్వు."

"నువ్వు దేన్నీ ఇప్పొద్దు. పక్కన కూర్చొని ఒక చుట్టు తిరిగిరా నాతో. ముల్లు పడంగానే నేను 'ఒకటి' అంటా. బండి కుదపంగానే నువ్వు 'రెండు' అను. అంతే."

"ఇదేం ఆటక్కా?" అంటూనే ఎక్కాడు. మొయిన్‌కి నవ్వు ఆగలేదు మొదట్లో. "ఒకటి" అంది వనజ. కారు తన్నింది. "రెండు" అన్నాడు. పక్కకు తీసి, తాళం తిప్పి, మళ్లీ బయలుదేరారు. ఒకటి. రెండు. ఇంకోసారి. ఒకటి. రెండు. "మీరిద్దరూ ఎక్కాలు అప్పజెప్పుకుంటన్నారా?" అంది వెనక నుంచి పిచ్చమ్మ. ఈసారి మొయిన్ నవ్వలేదు.

"అక్కా, ఒక్కసారన్నా రెండు ముందు రాలేదు."

"రాదు. వారమంతా చూశా."

"అయితే గేరు చెడి ముల్లు పడట్లా. ముల్లుకి అందని కబురే గేరుకీ అందట్లా." అతను సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "గేరుబాక్సు కొసన ఒక సెన్సారు ఉంటదక్కా. చక్రం ఎంత జోరుగా తిరుగుతుందో అది లెక్క పెడతా ఉంటది. ఆ లెక్క మీటరుకీ పోద్ది, గేర్లు మార్చే డబ్బాకీ పోద్ది. లెక్క రాకపోతే మీటరు సున్నా చూపిస్తది. డబ్బాకి బండి నిలబడిందో ఉరుకుతందో తెలవదు, బెదిరి ఒక గేరు పట్టుకొని కూకుంటది. నేను ముల్లు చూశా, ఆ పేట మేస్త్రీ గేరు చూశాడు. మధ్యలో దీన్ని ఎవురం చూడలా."

షెడ్డుకి తిరిగి రాగానే కారుని గుంత మీదకు ఎక్కించి మొయిన్ కింద దూరాడు. వనజ గుంత అంచున స్టూలు మీద కూర్చుని టార్చి పట్టింది. సెన్సారు దొరికింది. దాని మీద ఉండాల్సిన రబ్బరు టోపీ చీలిపోయి ఉంది. వైరు వచ్చి తగులుకునే ప్లగ్గు మాత్రం ఊడి రావడం లేదు. మొయిన్ లాగాడు, తిప్పాడు, అల్లాని తలుచుకున్నాడు. చివరికి అది టిక్కుమని విరిగినట్టు చప్పుడు చేస్తూ వచ్చింది. లోపల ఇత్తడి పిన్నుల చుట్టూ తెల్లగా, గట్టిగా, పంటికి పట్టిన గారలాగా ఏదో పేరుకుని ఉంది.

"తుప్పు తెల్లగా ఉంటదా?" అంది వనజ.

"ఇట్టాంటిది నేనూ చూళ్లా." మొయిన్ స్క్రూడ్రైవరు మొనతో గీకబోయాడు. "ఈ ప్లగ్గు విరిగితే మళ్లీ దొరకదక్కా. పాత మోడలు. ఏం చెయ్యమంటావ్?"

"ఏందిరా అది? నాకు చూపియ్యి." పిచ్చమ్మ నూనె సీసా పక్కన పెట్టి వచ్చింది. ప్లగ్గుని వెలుగులోకి పట్టుకుంది. గోటితో గీకి, ఆ పొడిని బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలిపింది. నాలుక కొసకి తాకించి ఉమ్మేసింది. "తుప్పు కాదు, పాడూ కాదు. సున్నం. పచ్చిసున్నం తడిసి బిగిసింది."

"సున్నం లోపలికి ఎట్టా పోయింది పెద్దమ్మా?"

"మా ఇల్లు యాడ ఉంది? బట్టీల కాడే గదరా. మంచాల మీదా, గిన్నెల మీదా, కంటి రెప్పల మీదా ఉంటది. చీలిక ఉంటే పోదా?" అంటూ అంటూ ఆమె ఆగిపోయింది. చేతిలో ప్లగ్గు అలాగే ఉండిపోయింది.

వనజకి కూడా అదే క్షణంలో తట్టింది. కోటిబాబు లారీ కడగడానికి నీళ్లు జోరుగా చిమ్మే మోటారు తెచ్చింది శ్రావణంలోనే. అంతకు ముందు పిచ్చమ్మ బకెట్టూ గుడ్డతో తుడిచేది. మోటారు వచ్చాక, దేవుడి బండికి పైన మాత్రమే కడిగితే ఏం పుణ్యమని, పైపు కిందికి కూడా పెట్టేది. శుక్రవారం కడిగిన తడి శనివారానికి ఆరదు. గురువారానికి ఆరుతుంది. శుక్రవారం మళ్లీ తడుస్తుంది.

ఆ మాట వనజ అత్తతో ఎట్లా అంటుంది? పండగ పూట కూడా తన చీర తడుపుకుని ఆ కారుని కడిగిన మనిషి.

అన్నది పిచ్చమ్మే. "బట్టీలో మొదటి రోజు చేరంగానే మేస్త్రీ ఏం చెప్తాడో తెలుసా మొయిన్? ముందు ఊదు, దులుపు. ఆ తర్వాతే నీళ్లు. సున్నం మీద నీళ్లు పోస్తే పొంగుద్ది, కాలుద్ది, రాయయి కూకుంటది. తట్టకి తెలుసు, పారకి తెలుసు. కోటిగాడు లారీకి కూడా ముందు గాలి కొట్టిచ్చే నీళ్లు కొడతాడు. నేను మాత్రం..." ఆమె ముక్కు చీదింది. "ఇది లక్ష్మీ అనుకున్నా, దీనికి సున్నం అంటుద్దని నా బుర్రకి తట్టలా. దేవుడి పేరు మీద పోసిన నీళ్లు కూడా చెరుపు చేస్తయ్యంటే, ఇంకేం పోయాల్రా దేవుడికి?"

మొయిన్ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "నీళ్లు తప్పు కాదు పెద్దమ్మా. మేం నమాజుకి ముందు కడుక్కునేదానికీ ఒక వరస ఉంటది. చేతులు, నోరు, మొహం... మనసు మంచిదేగా అని వరస తప్పనియ్యరు" అన్నాడు.

"అవునత్తా," అంది వనజ. "దీపం పెట్టే ముందు వత్తి తడిగా ఉందేమో చూసుకోవా నువ్వు? అంతే ఇది."

పిచ్చమ్మ కోడలి మొహంలోకి చూసింది. అందులో వెక్కిరింత వెతికి, దొరక్క, ఊపిరి వదిలింది. వెంటనే ఆమెలో పాత బట్టీ మనిషి లేచింది. "గీకమాక! పిన్నులు పోతయ్. బట్టీలో చేతులకి పట్టిన సున్నం ఎట్టా వదిలిస్తాం? పులుపుతో. నిమ్మకాయ తెప్పియ్."

"కరెంటు సామానుకి నిమ్మకాయా?" అన్నాడు మొయిన్.

"నువ్వు పిండు, నేను చెప్తా."

పక్క టీ కొట్టు నుంచి నిమ్మకాయలు వచ్చాయి. మూతలో రసం పిండి, పాత పళ్ల బ్రష్షు ముంచి రాస్తే ఆ తెల్లటి గార బుసబుసమని నురగ కట్టింది. రాసీ తుడిచీ, రాసీ తుడిచీ, చివరికి పిన్నులు కొత్త ఉంగరాల్లా బయటపడ్డాయి. ఇక్కడి నుంచి తన పని అన్నట్టు మొయిన్ ప్లగ్గుని లాక్కున్నాడు. పులుపు ఉంటే ఇత్తడిని తినేస్తుందని మంచినీళ్లతో కడిగాడు. వైర్లు తుడిచే మందు చిమ్మి, గాలితో ఊది, ఎండలో పెట్టాడు. ఆరాక పల్చగా గ్రీజు రాసి బిగించి, చీలిన టోపీ తీసేసి, సైకిలు ట్యూబు ముక్కతో కొత్త టోపీ చుట్టాడు. "ఇప్పుడు వానొచ్చినా పోదు, పెద్దమ్మొచ్చినా పోదు" అన్నాడు. పిచ్చమ్మ అతని వీపు మీద ఒకటి వేసింది.

గుడి దాకా ముల్లు పడలేదు. గుడి నుంచి ఇంటి దాకా పడలేదు. పిచ్చమ్మ దీపం మాత్రం పెట్టించే వచ్చింది. "మొక్కింది మొక్కిందే. శనీశ్వరుణ్ణి ఊరికే ఆడిపోసుకున్నాం గదా, దానికన్నా పెట్టాల" అంది.

సాయంత్రం కోటిబాబు అంతా విన్నాడు. అమ్మ తప్పు తనదేనని అంటుంటే, "మోటారు తెచ్చింది నేను. లారీకి ఊదిచ్చేవాణ్ణి, కారుకి ఊదమని చెప్పలేదే" అన్నాడు. కాని అమ్మకం సంగతి ఎత్తేసరికి మెత్తబడలేదు. "సున్నం గీకితే గేరుబాక్సు బాగుపడుద్దా? రెండు రోజులు నడిచి మూడోనాడు బైపాసు మీద పడుకుంటే? రేపు అతను వస్తాడు, రానీ."

"రానీ," అంది వనజ. "రేపు మీరందరూ ఎక్కండి. ముల్లు పడితే ఇచ్చేద్దాం."

ఆదివారం పొద్దున్నే అనిల్ కుమార్ బస్సు దిగి వచ్చాడు. సన్నటి మనిషి. కారు చుట్టూ తిరుగుతూ ఏది ఎక్కడ ఊడదీయాలో అప్పుడే చూపులతో ఊడదీస్తున్నాడు. వనజ ఎడమకాలిని ఎత్తి లోపల పెట్టుకుంది. కోటిబాబు పక్క సీట్లో కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోని సీటు. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థపడ్డాడు. వెనక అనిల్ కుమార్, పక్కన పిచ్చమ్మ.

దాచేపల్లి వైపు హైవే ఎక్కగానే వనజ కుడికాలు అదిమింది. ఒక గేరు దాటింది, తెలియలేదు. ఇంకొకటి దాటింది, తెలియలేదు. ఇంజను అరుపు తగ్గి, గాలి చప్పుడు మిగిలింది. ముల్లు నిదానంగా, పెద్దమనిషి మెట్లెక్కినట్టు ఎక్కి నిలబడింది. కోటిబాబు కుడికాలు ఆ పక్కన లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. అతని కళ్లు మాత్రం ముల్లు మీదే ఉన్నాయి. గోతులున్న చోట వనజ కావాలనే తప్పించలేదు. ధడధడమంది. ముల్లు చలించలేదు. ముందు రాయి లారీ ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది.

"తొందరపడమాక, వెనకే పోనీ," అన్నాడు కోటిబాబు.

వనజ అద్దంలో చూసింది, హారను కొట్టింది, కాలు అదిమింది. కారు ఒక గేరు దిగి, బలం పుంజుకుని, లారీ పక్కకు వచ్చింది. లారీలో ఉన్నది కోటిబాబు స్నేహితుడే, ఆ రోజు వెనక బ్రేకు తొక్కినవాడే. అతను కిందికి చూసి నోరు తెరిచాడు.

"ఒరేయ్ కోటీ! ఏందిరా ఆ పక్క కూకున్నావ్?"

కోటిబాబు కిటికీ అద్దం పూర్తిగా దించాడు. మోచెయ్యి బయట పెట్టాడు. వనజ అతని మెడ నిటారుగా లేవడం చూసింది. పెళ్లిలో కూడా అంత నిటారుగా లేదు.

"మా ఆవిడ నడుపుద్ది, నేను కూకుంటా! నీకేంది? పక్కకు జరుగు, దారియ్యి!"

లారీ పక్కకు జరిగింది. కారు ముందుకు వెళ్లింది. కాసేపటికి గాని కోటిబాబు అద్దం ఎక్కించలేదు.

"మరి నన్నెందుకు రమ్మన్నావయ్యా?" అన్నాడు అనిల్ కుమార్ వెనక నుంచి. "బండి మంచిగుంటే మంచి రేటే ఇస్తా..."

"మా కోడలి బండయ్యా అది," అంది పిచ్చమ్మ. "ముట్టుకున్నావంటే వేళ్లు ఇరుగుతయ్."

కోటిబాబు వెనక్కి తిరిగాడు. "ఏమనుకోమాకన్నా. అమ్మట్లా. ఇక్కడ టీ తాగుదాం, నిన్ను పేట బస్సెక్కిస్తా."

"బస్సెందుకు?" అంది వనజ. ఆమె కళ్లు రోడ్డు మీద నుంచి కదలలేదు. "పాపం ఆదివారం పూట పని మానుకొని వచ్చాడు. నరసరావుపేటలో వాళ్లింటి కాడ నేనే దించొస్తా."

కోటిబాబు సీటు కొంచెం వెనక్కి జరుపుకుని, కాళ్లు చాపుకున్నాడు. ముందు కనిపించిన తిరుగుడు దగ్గర వనజ కారుని మళ్లించి, నరసరావుపేట దారి పట్టించింది.